మాత్రల కవరు: ఒక తామర, గోళ్ళ ఫంగస్ కేసు

సంక్రాంతి అయిన వారానికి తాడిపత్రి నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు 52 ఏళ్ళు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా పని. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే చెప్పేశాడు: "పూసుకునేదానికి ఏదన్నా ఇయ్యండి సార్. మాత్రలు మాత్రం వొద్దు. పోయినసారి వాటితో సచ్చి బతికినా."

అనంతపురంలో చర్మవ్యాధుల ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్ళకు రోజూ వినపడే మాట దీనికి పూర్తిగా ఎదురు. 'పూతలతో కాలేదు, గట్టి మాత్ర రాయండి' అనేవాళ్ళే ఎక్కువ. మాత్రంటే బెదిరి వచ్చే మనిషి అరుదు. అందుకే ముందు చర్మం చూడలేదు. ఆ 'సచ్చి బతికిన' సంగతేంటో చెప్పమన్నాను.

పద్నాలుగు నెలల కిందట నడుము చుట్టూ దురద మొదలైంది. మెడికల్ షాపులో ట్యూబ్ ఇచ్చారు. రెండు రోజుల్లో చల్లబడింది, ఆపిన వారానికి రెండింతలై వచ్చింది. అట్లా పదకొండో పన్నెండో ట్యూబులు. చివరికి దగ్గర్లో ఒకరు రోజుకొకటి చొప్పున పది రోజులకు మాత్రలు రాసిచ్చారు. ఐదో రోజు సాయంత్రం నాలుగింటప్పుడు పాలిష్ మిషన్ దగ్గర నిలబడి ఉండగా ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, కళ్ళకు చీకట్లు. తోటివాళ్ళు పడుకోబెట్టి ఆటోలో తీసుకుపోతే షుగర్ 46కు పడిపోయి ఉంది. గ్లూకోజ్ ఎక్కించి పంపారు. 'మధ్యాహ్నం అన్నం సరిగ్గా తిన్లేదేమో' అని ఒకరు, 'ఫంగస్ మాత్రలు వేడి, నీ ఒంటికి పడవు' అని ఇంకొకరు. మాత్రలు మానేశాడు. తామర ఒళ్ళంతా పాకింది.

"ఆ మాత్ర పేరేంటి?"

ఆయనకు తెలీదు. ఆమె మాట్లాడకుండా సంచిలోంచి చీరల షాపు ప్లాస్టిక్ కవరు తీసి టేబుల్ మీద కుమ్మరించింది. సగం వాడిన స్ట్రిప్పులు, రబ్బర్ బ్యాండు వేసిన చీటీలు, మూత లేని ఒక ట్యూబ్. ఆ కుప్పలోంచి ఖాళీ స్ట్రిప్పొకటి వేరుచేసి నా ముందుకు జరిపింది. "ఇది పడదని సూపించేదానికి దాచిపెట్టినా సార్." ఫ్లుకోనజోల్ 150.

మిగతావి నేను వరసగా పేర్చాను. షుగర్‌కు గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర, రోజుకు రెండు. బీపీకి ఆమ్లోడిపిన్ 5. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 20. పొద్దున పరగడుపున గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్ 40. నేను చెప్పదలుచుకున్న కేసు సగం ఆ టేబుల్ మీదే ఉంది.

గ్లిమెపిరైడ్‌ను లివర్‌లో సిప్ 2సి9 అనే ఎంజైము కరిగిస్తుంది. ఫ్లుకోనజోల్ ఆ ఎంజైముకే అడ్డం పడుతుంది. అప్పుడు షుగర్ మాత్ర ఒంట్లోంచి పోదు, పేరుకుంటుంది. మింగింది రెండు మిల్లీగ్రాములే అయినా పనిచేసేది అంతకు బాగా ఎక్కువ. పైగా ఫ్లుకోనజోల్ ఒంట్లో సగం తగ్గడానికే ముప్పై గంటల దాకా పడుతుంది కాబట్టి రోజూ వేసుకుంటుంటే నాలుగైదు రోజులకు నిండుగా చేరుకుంటుంది. ఐదో రోజు పడిపోయాడంటే లెక్క సరిపోయింది. వేడి లేదు, పడకపోవడమూ లేదు. రెండు మాత్రలు ఒకదాన్నొకటి చూసుకోకుండా ఒకే మనిషి కడుపులోకి పోయాయి. రాసినాయన షుగర్ మాత్రల సంగతి అడగలేదు, ఈయనా చెప్పలేదు. 'దురదకు పోయినప్పుడు షుగర్ ఊసెందుకు సార్' అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

అప్పుడు చర్మం చూశాను. నడుము చుట్టూ, గజ్జల్లో, పిరుదుల మీద పెద్ద పెద్ద మచ్చలు. మామూలు తామరకు అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో చర్మం తేటపడుతుంది. ఇక్కడ ఒక చక్రంలో ఇంకో చక్రం, అంచులు చెదిరిపోయి ఉన్నాయి. తొడల లోపలివైపు గర్భిణుల పొట్ట మీద వచ్చేలాంటి చారలు. ఇది ట్యూబ్ చేసిన పని. ఆ మూత లేని ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో నాలుగు మందుల పేర్లున్నాయి, మొదటిది క్లోబెటసాల్, చాలా బలమైన స్టెరాయిడ్. అది దురదను ఆపుతుంది, ఫంగస్‌ను పెంచుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే ఇలాంటి స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఆయన చేతికి చీటీ ఎప్పుడూ రాలేదు, ట్యూబులు మాత్రం డజను వచ్చాయి.

కాళ్ళు చూపించడానికి మొహమాటపడ్డాడు. రెండు బొటనవేళ్ళ గోళ్ళు పసుపు తిరిగి, దళసరెక్కి, కింద సున్నం పొడిలాంటిది నిండి ఉంది. పాలిష్ మిషన్ కింద రోజంతా రాతిపొడి కలిసిన నీళ్ళు పారుతుంటాయి, రబ్బరు బూట్లలోకి అవే నీళ్ళు. వేళ్ళ సందుల్లో తెల్లగా పాసిపోయి ఉంది. మొల చుట్టూ ఉన్న మచ్చ మధ్యలో నల్లగా, తడిగా మొలతాడు.

గోరు వికారంగా ఉన్నంత మాత్రాన ఫంగస్ కాదు. వికారమైన గోళ్ళలో దాదాపు సగమే ఫంగస్. మిగతావి సోరియాసిస్, దెబ్బ తగిలినవి, బిగుతు బూట్లవి, వయసువి. పరీక్ష లేకుండా మూడు నెలల మాత్ర రాయడం నాకు ఇష్టం ఉండదు. నడుము దగ్గర అంచు మీద బ్లేడుతో గీకి, రాలిన పొట్టును స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో వేసి పదిహేను నిమిషాలు ఆగాను. కణాల మధ్య అడ్డదిడ్డంగా, కణుపులున్న గడ్డిపోచల్లా ఫంగస్ పోగులు. స్టెరాయిడ్ తిని బలిసినవి, ఎటు జరిపినా అవే. ఆయన్నీ పిలిచి మైక్రోస్కోపులో చూపించాను. చాలాసేపు చూసి "ఇవన్నీ బతికుండేవేనా సార్" అన్నాడు.

గోరు దగ్గర మొదటిసారి ఏమీ దొరకలేదు. చివర కత్తిరించిన ముక్క తీసుకోవడం నా పొరపాటు. అక్కడ ఉండేది చచ్చిన సరుకు. ఈసారి గోరు బాగా వెనక్కి కత్తిరించి, మంచి గోరుకు ఆనుకుని ఉన్న పొడిని గీకి, ఎక్కువ గాఢత ద్రావణంలో రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే కనిపించింది. రెండు నమూనాలూ కల్చర్‌కు పంపాను. మూడు వారాలకు చర్మానిది ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైట్స్ కాంప్లెక్స్ అనే ఫంగస్ గుంపు అని వచ్చింది, గోరుది ఏమీ మొలవలేదు. గోళ్ళ విషయంలో ఇది మామూలే.

మాత్ర అవసరమా అన్నది అసలు ప్రశ్న. డెబ్బై ఏళ్ళ పెద్దాయన వేరే ఏ జబ్బూ లేకుండా గోరు రంగు మారిందని వస్తే నేను చాలాసార్లు మాత్ర రాయను. కత్తిరించి, అరగదీసి, పైన రాసే మందుతో సరిపెడతాను. ఇక్కడ అలా కాదు. ఒంటి మీద వ్యాపించిన తామర, అదీ స్టెరాయిడ్‌తో చెడినది. షుగర్ ఉన్న మనిషి, దళసరి గోరు బూటులో ఒత్తుకుని కింద పుండు పడితే కాలికే ముప్పు. అందుకని మాత్రే. ఏ మాత్ర?

మొదలుపెట్టేముందు లివర్ పరీక్షలు, క్రియాటినిన్, మూడు నెలల షుగర్ చేయించాను. లివర్ సంగతి చెప్పే ఎస్జీపీటీ 34, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ 0.9, రెండూ మామూలే. మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, 8.9, ఎక్కువే. 

"మందు అలవాటుందా?" అనడిగితే "ఏ మందు సార్, షుగర్దా?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆదివారం ఆదివారం ఒక క్వార్టర్. మాత్రలు అయ్యేదాకా అదీ ఆపాలన్నాను. సరేనన్నాడు, కొంచెం ఆలస్యంగా.

కవరు ముందు పెట్టుకుని చూస్తే టెర్బినాఫిన్ 250 తక్కువ గొడవ ఉన్న దారిగా కనిపించింది. గ్లిమెపిరైడ్‌తో పేచీ లేదు, అటోర్వాస్టాటిన్‌తో లేదు, గ్యాస్ మాత్రతో లేదు. అది అడ్డుపడేది సిప్ 2డి6కు. మెటోప్రొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి వాడేవాళ్ళయితే ఆలోచించాలి, ఈయన కవరులో అవి లేవు. లివర్ జబ్బున్నవాళ్ళకు ఇవ్వకూడదు, కిడ్నీ పని సగానికి పడిపోయినవాళ్ళకూ వద్దు. దానివల్ల లివర్ తీవ్రంగా దెబ్బతినడం సుమారు 50,000 నుంచి 1,20,000 చీటీలకు ఒకరిలో కనిపిస్తుందని లెక్క. అరుదే. కానీ ఆ ఒక్కరు ముందే తెలియరు కాబట్టి గుర్తులు చెప్పి పంపాలి: ఆకలి పూర్తిగా పోవడం, వికారం, మూత్రం చిక్కటి టీ రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం. ఇవి చెప్పాను, చీటీ వెనక రాసిచ్చాను. ఇంకోటి చెప్పాల్సింది చెప్పలేదు.

నాలుగు వారాలకు రమ్మంటే ఐదో వారం వచ్చారు. ఆయన ముఖం పీక్కుపోయింది, మూడు కిలోలు తగ్గాడు. ఆమె కోపంగా ఉంది. "ఏం జేసి పెట్టినా ఉప్పు ఎయ్యల్యా, కారం ఎయ్యల్యా అంటాడు సార్. సంగటిలోకి గోంగూర ఊరిబిండి నూరి పెడితే మట్టి మాదిరి ఉందని పక్కకు తోసినాడు. ముప్పై ఏండ్లుగా నా చేతి వంట తిన్నోడు. పిల్లోల్ల ముందర రోజూ ఇదే కొట్లాట."

టెర్బినాఫిన్ కొందరిలో నాలుక రుచిని పోగొడుతుంది. మందు ఆపాక వారాల నుంచి నెలల్లో తిరిగొస్తుంది, బహు అరుదుగా మిగిలిపోవచ్చు. నేను లివర్ గురించి అంత వివరంగా చెప్పి, ఇది చెప్పడం మరిచిపోయాను. దీన్ని చిన్న ఇబ్బందిగా లెక్కేయడం నాకున్న అలవాటు. ఇక్కడ చిన్నది కాలేదు: రుచి లేక తిండి తగ్గింది, షుగర్ మాత్ర మాత్రం పూర్తిగా పడుతోంది. మధ్యాహ్నాలు మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. గ్లూకోమీటర్ పెడితే 68. మాత్రలంటే భయపడిన మనిషిని ఒప్పించి, మళ్ళీ అదే గోతి అంచుకు తెచ్చాను. ఆమెతో ఉప్పు మీ తప్పు కాదమ్మా, నా మాత్రది అని చెప్పాను. ఆమె ఆయన వైపు తిరిగి ఏమీ అనలేదు, చూసిందంతే.

పోనీ తామరైనా తగ్గిందా అంటే, దురద కొంచెం తగ్గి, అంచులు అలాగే ఉన్నాయి. ఇది ఊహించనిదేమీ కాదు. మన దేశంలో గత పదేళ్ళుగా చూస్తున్న మొండి తామరకు కారణమైన, కల్చర్‌లో వచ్చిన ఆ గుంపుకే చెందిన రకాన్ని 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని వేరే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. టెర్బినాఫిన్ ఫంగస్‌లో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమును పట్టుకుని చంపుతుంది. ఈ రకంలో చాలావాటికి ఆ ఎంజైము జన్యువే మారిపోయింది, మందుకు పట్టు దొరకదు. జన్యు పరీక్ష మా దగ్గర లేదు. నేను కాగితం మీద పేచీలు తక్కువున్న మందును ఎంచుకున్నాను. ఫంగస్‌కు పని చేయని మందు ఎంత పేచీ లేనిదైనా రోగికి ఒరిగేదేముంది? ఐదు వారాలు, మూడు కిలోలు పోయాయి.

టెర్బినాఫిన్ ఆపి ఇట్రాకనజోల్‌కు మారాలి. దీనికి మాత్రం ముందు కవరంతా సర్దాలి. ఇట్రాకనజోల్ సిప్ 3ఎ4 అనే ఇంకో లివర్ ఎంజైమును గట్టిగా అడ్డుకుంటుంది. అటోర్వాస్టాటిన్ పేరుకుని కండరాలు దెబ్బతినొచ్చు. (సింవాస్టాటిన్ అయితే అసలు కలపనేకూడదు.) ఆమ్లోడిపిన్ పేరుకుని కాళ్ళవాపు రావచ్చు. ఇట్రాకనజోల్ స్వయంగా గుండె పంపింగ్‌ను కొంచెం మందగింపజేస్తుంది కాబట్టి హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకు గోళ్ళ కోసం ఇవ్వకూడదు. క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, పరగడుపున పాంటోప్రజోల్ వేసుకుంటే మందు సగం వృథా. ఇక గ్లిమెపిరైడ్‌తో ఫ్లుకోనజోల్ అంత ప్రమాదం లేకపోయినా, షుగర్ మాత్రలతో కలిపినప్పుడు షుగర్ పడిపోయిన సందర్భాలున్నాయి.

ఇవన్నీ నా అంతట నేను మార్చేవి కావు. ఆయన షుగర్ డాక్టర్‌కు ఫోన్ చేశాను. పది నిమిషాల పని. ఆ డాక్టర్ కొలెస్ట్రాల్ మాత్రను రోసువాస్టాటిన్ 10కి, బీపీ మాత్రను టెల్మిసార్టాన్ 40కి మార్చారు. గ్లిమెపిరైడ్ 1కి తగ్గించి మెట్‌ఫార్మిన్ పెంచారు. ఈసీజీ, ఎకో బాగున్నాయి. గ్యాస్ మాత్ర ఎందుకు వేసుకుంటున్నావంటే 'ఎప్పుడో రాసినారు, అట్లనే పోతాండాది' అన్నాడు. తీసేశాం. కవరులో ఉండకూడని స్ట్రిప్పులను ఆమె అక్కడే కత్తెరడిగి ముక్కలు చేసింది. ఇంట్లో ఉంటే మళ్ళీ మింగుతాడని.

ఫిబ్రవరి చివరి వారంలో ఇట్రాకనజోల్ మొదలైంది, రోజుకు 200 మిల్లీగ్రాములు. గోళ్ళకు వారం వేసుకుని మూడు వారాలు ఆపే పద్ధతి కూడా ఉంది. చర్మం కూడా ఉంది కాబట్టి నేను రోజూ ఇచ్చాను. మందు వేసుకునే తీరు ఆమెకే అప్పజెప్పాను: మధ్యాహ్నం నిండుగా సంగటో అన్నమో తిన్న వెంటనే, ఖాళీ కడుపున కాదు, గ్యాస్ సిరప్ దగ్గరికి రానివ్వకుండా. బ్రాండు మార్చొద్దన్నాను. క్యాప్సూల్ విప్పి తెల్ల కాగితం మీద పోసి చూపించాను, లోపలంతా ఆవాల కంటే చిన్న గుళికలు. మందు ఆ గుళికల పై పూతలో ఉంటుంది. వాటి సైజు, సంఖ్య కంపెనీని బట్టి మారతాయి, ఒంటికి పట్టే తీరూ మారుతుంది. 'ఇదీ అదే మందు' అని షాపులో వేరేది చేతిలో పెడితే తీసుకోవద్దు. గ్లూకోమీటర్ కొన్నారు. పొద్దున పరగడుపున, సాయంత్రం నాలుగింటికి. ఆ నాలుగు గంటలు నేను పెట్టిన టైమ్ కాదు, తను పడిపోయిన టైమని ఆయనే పెట్టుకున్నాడు.

మొలతాడు దగ్గర మాత్రం బేరం కుదరలేదు. దాంట్లో ఫంగస్ నెలల తరబడి నానుతూ ఉంటుంది, తీసేయమన్నాను. "పెండ్లాం పిల్లలున్నోడు మొలతాడు తీస్తాడా సార్" అన్నాడు. చివరికి పాతది తీసిన వెంటనే కొత్తది కట్టుకోవడం, పదిహేను రోజులకొకసారి మార్చడం అని ఒప్పందం. బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి విడిగా ఉతికి ఎండలో తిరగేసి ఆరేయడం, బూట్లు రెండు జతలు పెట్టుకుని మార్చి మార్చి వేయడం. ఎండకు అనంతపురం జిల్లాలో కరువు లేదు కదా.

భార్యకూ నడుము దగ్గర తామర ఉంది, ఆమెకు నెలసరి ఆగి మూడేళ్ళయింది, వేరే మందుల్లేవు. లివర్ పరీక్ష చూసి అదే క్యాప్సూల్ ఇచ్చాను. అప్పుడే అడిగింది: "పాప కాన్పుకొచ్చింది సార్, ఆరో నెల. దానికీ గోకుడే. ఇవే రెండు ఇచ్చేదా?" ఈ ప్రశ్న ఆమె అడగకపోతే నేను అడిగి ఉండేవాణ్ణి కాదేమో. గర్భిణికి ఈ మాత్రలేవీ వద్దు. గర్భం వచ్చే వయసులో ఇట్రాకనజోల్ వాడే ఆడవాళ్ళు మందు ఆపాక కూడా రెండు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. గ్రైసియోఫుల్విన్ అనే ఇంకో ఫంగస్ మాత్ర వాడే మగవాళ్ళు సైతం ఆపాక ఆరు నెలల దాకా పిల్లల కోసం ప్రయత్నించకూడదు. కూతురికి క్లోట్రిమజోల్ పూత మాత్రమే రాసి, ఆమె కాన్పు డాక్టర్‌కు ఒక ముక్క రాసిచ్చాను. ఒకే ఇంట్లో ఒకే జబ్బుకు ముగ్గురికి మందులు ఒకలా ఉండవన్నది ఆమెకు వింతగా తోచింది.

ఐదో వారం, ఉగాది వెళ్ళిన మూడు రోజులకు వచ్చారు. చర్మం బాగా తేటపడింది. రుచి కొంచెం కొంచెం వస్తోంది, పచ్చడిలో పులుపు తెలిసిందట, తీపి ఇంకా లేదు. ఎస్జీపీటీ మాత్రం 71. ఇలాంటప్పుడు కంగారుపడి మందు ఆపేసేవాళ్ళున్నారు, చూడనట్టు వదిలేసేవాళ్ళూ ఉన్నారు. ఉండాల్సిన గరిష్ఠం 40. మూడు రెట్లు దాటి లక్షణాలు కూడా ఉంటే, లేదా ఐదు రెట్లు దాటితే నేను ఆపేస్తాను. ఈయనకు రెండు రెట్లు లోపే, ఆకలి బాగుంది, కామెర్లను చెప్పే బిలిరుబిన్ మామూలే. 

"పండగ బాగా జరిగిందా?" అన్నాను.

ఆయన కళ్ళు దించుకున్నాడు. ఉగాది మరుసటి రోజు మా వైపు ముక్క ఉడకని ఇల్లుండదు, ముక్కతోపాటు మిగతాది. "అల్లుడొచ్చినాడు సార్" అన్నాడు, అంతా చెప్పినట్టే. మందు కొనసాగించి, వారానికి మళ్ళీ పరీక్ష చేయించాను: 52. ఇంకో మూడు వారాలకు 38.

చర్మానికి ఎనిమిది వారాలు పట్టింది, పొట్టు గీకి చూస్తే ఫంగస్ లేదు. గోళ్ళ కోసం మొత్తం పన్నెండు వారాలు వాడి మే నెలలో ఆపాను. అప్పటికి గోళ్ళు చూడ్డానికి దాదాపు పాతవే, మొదట్లో రెండు మిల్లీమీటర్లు మాత్రం గులాబీ రంగులో కొత్త గోరు. "బాగయ్యేటప్పుడే ఆపుతాండారే" అని అడ్డం పడ్డాడు. చాలామంది ఇక్కడే సొంతంగా ఇంకో ఆరు నెలలు కొనుక్కుని మింగేస్తారు. ఇట్రాకనజోల్ గోరులోకి ఇంకి, మాత్ర ఆపాక కూడా ఆరు నెలలకు పైగా అక్కడే ఉంటుంది. ఇక గోరు పెరగాలి, దానికి మాత్రతో పనిలేదు, టైముతో పని. కాలి గోరు నెలకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, బొటనవేలిది పూర్తిగా మారాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర. నమ్మలేదు. అప్పుడు కొత్త గోరు, పాత గోరు కలిసే చోట బ్లేడుతో పైపైన అడ్డంగా సన్నటి గాటు పెట్టాను. "ఇది ముందుకు జరుగుతుంటే ఆ వెనకాల వచ్చేదంతా కొత్తదే. గాటు వెనక పసుపు కనిపిస్తే అప్పుడు రండి."

తర్వాత నెలకోసారి ఆయనే ఫోటో తీసి పంపేవాడు, పక్కన తన టేపు పెట్టి. బండలు కొలిచే టేపు.

కిందటి వారం వచ్చారు. మాత్రలు ఆపి పదకొండు నెలలు. ఎడమ బొటనవేలి గోరు పూర్తిగా మారింది. కుడిదానికి బయటి మూల ఇంకా పసుపుగా, ఎత్తుగా ఉంది. నడుము దగ్గర మచ్చల రంగు మిగిలింది, తొడల మీది చారలు పోలేదు, పోవు. రుచి జూన్ నాటికి పూర్తిగా వచ్చింది. హెచ్‌బీఏ1సీ 7.4. ఆమె కవరు తీసి ఒక్కొక్కటే పేర్చింది. కొత్తగా చేరింది దగ్గు సిరప్ ఒక్కటే. కుడి గోరు మూల వెనక్కి కత్తిరించి, గీకి, రాత్రంతా నానబెట్టి చూశాను. పోగులు కనపడలేదు. మాత్ర మళ్ళీ మొదలుపెట్టలేదు, ఆ మూలకు గోళ్ళ రంగులా రాసుకునే అమొరోల్ఫిన్ అనే ఫంగస్ మందు వారానికోసారి, మూడు నెలలకు రాసిచ్చాను. కల్చర్‌కు కూడా పంపాను, ఇంకా రాలేదు.